కాంబీ ఎక్కిన భాషా రక్షకుడు

జింబాబ్వే రాజధాని హరారేలో భాషా రక్షకుల బాధ చూస్తే గుండె తరుక్కుపోతుంది. కుర్రాళ్లు అక్కడి భాష షోనాలో ఇంగ్లీషు కలిపేస్తున్నారట, "మాబాయ్స్" అంటున్నారట. షోనా బహువచనానికి ముందు "మా" లాంటిది చేరుతుంది, ఇంగ్లీషుకి వెనక "స్". వీళ్లు రెండూ తగిలించారు. ఇంత కట్టుదిట్టంగా బహువచనం చేసిన పిల్లలకు సన్మానం చేయాలి గానీ తిట్లేమిటి?

ఆ రక్షకుణ్ణి ఓసారి హరారేలోని ఎంబారే పేటకు వెళ్లే కాంబీ ఎక్కిద్దాం. కాంబీ అంటే జనాన్ని ఎక్కించుకు తిరిగే కిక్కిరిసిన వ్యాను. తలుపు పట్టుకు వేలాడుతూ జనాన్ని లోపలికి కుక్కే కుర్రాణ్ణి హ్విండి అంటారు. మనవాడు బస్సును "బాజీ" అనకూడదు, అది ఇంగ్లీషు. బడి "చికోరో", అదీ స్కూలే. "బుకు" అనకుండా పుస్తకం చూపించాలి. ఆదివారం ప్రార్థనకు వెళ్తున్నానని చెప్పబోయి ఆగాడు పాపం, ఆదివారాన్ని చెప్పే "స్వోండో" దక్షిణాఫ్రికా తెల్లవాళ్ల భాష ఆఫ్రికాన్స్ నుంచి వచ్చింది! ఇక మిగిలింది చేతి సైగలే. హ్విండి జాలిపడి, మూగాయన, జరగండి జరగండి అని ముందు సీటు ఇప్పించాడు. భాష మాత్రం పవిత్రంగానే ఉంది.

ఇంతకీ ఆ పవిత్ర షోనా ఎక్కడిది? జెజురు, కరంగ, మన్యిక వంటి మాండలికాలన్నిటికీ కలిపి ఒకే రాత భాష ఉండాలని 1931లో క్లెమెంట్ డోక్ అనే దొర నివేదిక ఇచ్చాడు. దొర కలిపితే శుద్ధి, ఎంబారే కుర్రాడు కలిపితే మైల.

2001లో సర్కారే రేడియోలో 75 శాతం స్థానిక పాటలుండాలంది. కుర్రాళ్లు అర్బన్ గ్రూవ్స్ అనే పట్నం పాటలు పాడారు. తర్వాత గాయకుడు విన్కీ డీ లాంటివాళ్ల జిమ్‌డాన్స్‌హాల్‌లోకి, అంటే జమైకా డాన్స్‌హాల్ పాటకు జింబాబ్వే రూపంలోకి, జమైకా యాస కూడా వచ్చి కూర్చుంది. వీధిలో ఎలా మాట్లాడతారో పాటా అలాగే వచ్చింది. స్థానికం అడిగింది మీరేగా?

ఇక నవ్వు రావడం లేదు. షోనా మాట్లాడితే పిల్లల్ని శిక్షించే బడుల్లో ఫీజులు కట్టి చేర్పించిందెవరు? ముక్కుతో ఇంగ్లీషు పలికేవాళ్లను అక్కడ "నోస్ బ్రిగేడ్" అని వెక్కిరిస్తారు, ఆ దండును ఇంట్లో పెట్టుకు పెంచిందెవరు? పసివాడి నోట్లోంచి భాషను పీకేసి, మిగిలిన ముక్కలతో వాడు పాట కట్టుకుంటే, ఇన్ని ముక్కలేమిట్రా అని గద్దిస్తారా? సిగ్గులేదూ! తెలుగు మాట్లాడితే జరిమానా వేసే బడికి డొనేషన్ కట్టొచ్చి, సాయంత్రం సభలో అమ్మభాష చచ్చిపోతోందని కళ్లు తుడుచుకునే మనవాళ్లూ ఈ బాపతే. అంత బాధగా ఉంటే వెళ్లి ఆ బడి గేటు ముందు అరవండి. పాడుకునే కుర్రాడి జోలికి రాకండి.