అందరూ రాజులే అయితే దుంపలు తవ్విందెవరు? ఐర్లాండ్ కీచైన్‌కు ఒక లేఖ

మహారాజశ్రీ ఇంటిపేరు కీచైన్ గారి దివ్యసముఖానికి,

నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. మీరు కూడా ఐర్లాండ్‌లోని ప్రతి సావనీర్ షాపులో, ఒక్కో ఇంటిపేరూ, దానికొక డాలు గుర్తూ వేసుకుని, గుండ్రంగా తిరిగే ఇనప స్టాండుకి అక్షరక్రమంలో వేలాడుతూ క్షేమంగానే ఉన్నారని తలుస్తాను. మర్యాద ఇంతటితో ఆపి ఇక నుంచి నువ్వు అంటాను. ఐదారు యూరోల వస్తువుని అంతసేపు మీరు, తమరు అనడం నా వల్ల కాదు.

నా సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. కడప జిల్లాలో ఒక తహసీల్దార్ ఆఫీసు రికార్డు గదిలో దుమ్ము పీల్చి రిటైరైనవాణ్ణి. మా అమ్మాయికి డబ్లిన్‌లో ఉద్యోగం. ఎండాకాలం మమ్మల్ని పిలిపించుకుని, ఇంట్లో కూర్చుంటే బోర్ కొడుతుందని టూర్ బస్సులెక్కించి పల్లెల మీదికి పంపుతుంటుంది. ఆ బస్సుల్లో ఎక్కువమంది అమెరికావాళ్ళే. బస్సు ఊరు దాటగానే డ్రైవరు మైకు తీసి, "మీలో ఐరిష్ మూలాలున్నవాళ్ళు ఎవరు?" అని అడుగుతాడు. చేతులన్నీ లేస్తాయి. మా ఆవిడా నేనూ మాత్రం ఎత్తం. మా చేతుల్లో పులిహోర డబ్బాలుంటాయి.

వాళ్ళ మీద నాకేం కోపం లేదు. అమెరికాలో 3 కోట్లమందికి పైగా తమ మూలాలు ఐర్లాండ్‌లో ఉన్నాయని చెప్పుకుంటారు. ముత్తాత పుట్టిన మట్టి తొక్కాలని అంత దూరం నుంచి, అంత ఖర్చు పెట్టుకుని రావడం గొప్ప విషయమే. మన దగ్గర పక్క మండలంలో ఉన్న తాతగారి ఊరికి వెళ్ళడానికి కూడా కుర్రాళ్ళకి తీరదు. నా గొడవంతా నీతోనే. మోహెర్ కొండ అంచులు 214 మీటర్ల ఎత్తు నుంచి నిలువుగా సముద్రంలోకి దిగుతుంటే పది నిమిషాలు చూసి, ఫోటో దిగి, నీ స్టాండు ముందు అరగంట నిలబడతారు. తిప్పుతారు, వెతుకుతారు, తమ ఇంటిపేరు దొరకగానే ఆడవాళ్ళయితే చిన్న కేక కూడా వేస్తారు. అలా కేక వేయించడానికి నువ్వు చెప్పే అబద్ధం ఉందే, దాని గురించే ఈ ఉత్తరం.

మర్ఫీ అనేది ఐర్లాండ్‌లో అందరికన్నా ఎక్కువమందికున్న ఇంటిపేరు. ఆ పేరున్న గొలుసు తీసి కళ్ళజోడు సవరించుకుని చూశాను. అరచేతిలో సగం కూడా లేని డాలు. తెలుపూ ఎరుపూ కలిపి నాలుగు గళ్ళు, గడికొక సింహం, నాలుగూ వెనక కాళ్ళ మీద లేచి ఉన్నాయి. మధ్యలో నల్ల పట్టీ, దాని మీద మూడు బంగారు గోధుమ పనలు. ఒక సింహం తోక దగ్గర ఎరుపు రంగు గీత దాటి పక్క గడిలోకి కారింది. ఐర్లాండ్‌లో డబ్లిన్ జూలో తప్ప సింహాలు ఎక్కడ తిరిగాయో నువ్వే చెప్పాలి. సరే, సింహాల్ని వదిలేద్దాం. ఆ గోధుమలు ఎవరు తిన్నారు?

డాలు చిహ్నం, అదే ఇంగ్లీషులో కోట్ ఆఫ్ ఆర్మ్స్ అనే వంశ గుర్తు, ఇంటిపేరుకి రాదు నాయనా. ఒక మనిషికి ఇస్తారు, అతని వారసులకి దక్కుతుంది. ఈ లెక్కలు చూడటానికే 1552లో ఇంగ్లండ్ రాజు ఇక్కడ ఒక ఆఫీసు పెట్టాడు. 1943లో అది ఐర్లాండ్ ప్రభుత్వం చేతికొచ్చి, చీఫ్ హెరాల్డ్ అనే అధికారి కింద ఇప్పటికీ నడుస్తోంది. పట్టా ఒకాయన పేరు మీద ఉంటే, ఆ ఇంటిపేరున్న ఊరివాళ్ళంతా పాస్‌బుక్కులు పట్టుకుపోతామంటే మా ఆఫీసులో ఒప్పుకునేవాళ్ళం కాదు. నువ్వు మాత్రం యూరోలిచ్చిన ప్రతి మర్ఫీకీ పట్టా ఇచ్చేస్తున్నావు. కెల్లీలకీ, ర్యాన్‌లకీ, వాల్ష్‌లకీ అంతే. నీ స్టాండు ఒక చుట్టు తిప్పితే ఆ దేశంలో ఒక్క కూలీ ఇల్లు తగలదు. అందరూ కోటల్లో పుట్టినవాళ్ళే, అందరూ గుర్రాల మీద తిరిగినవాళ్ళే. మరి అక్కడి పేదలు తిని బతికిన ఆ బంగాళాదుంపలన్నీ తవ్వింది ఎవరు?

పోనీ ప్రభుత్వం లెక్క చూద్దాం. 1841 జనాభా లెక్కల్లో ఇళ్ళని నాలుగు తరగతులుగా రాసుకున్నారు. నాలుగో తరగతి అంటే ఒకే గది ఉన్న మట్టి గుడిసె. అలాంటివి సుమారు 4 లక్షల 90 వేలు, అంటే ఇంచుమించు ప్రతి ఐదు ఇళ్ళలో రెండు. పదేళ్ళ తర్వాత మళ్ళీ లెక్కేస్తే 1 లక్షా 35 వేలే మిగిలాయి. వాళ్ళంతా మేడలు కట్టుకుని మారిపోయారనుకునేవు. 1845లో బంగాళాదుంపకి తెగులు పట్టింది. ఆ దుంప తప్ప వేరే తిండి లేనివాళ్ళు 10 లక్షలమంది దాకా చచ్చిపోయారు, కనీసం మరో 10 లక్షలమంది ఓడలెక్కారు. 1841లో 82 లక్షలకి దగ్గరగా ఉన్న జనాభాని ఉత్తరం, దక్షిణం కలిపి లెక్కేసినా ఆ ద్వీపం నేటికీ అందుకోలేదు. అదే కరువులో రేవుల నుంచి ధాన్యం ఓడలు బయటికి వెళ్తూనే ఉన్నాయి. నీ గోధుమ పనలు బహుశా వాటిలో ఉండి ఉంటాయి.

ఇంకొక్క ముక్క, ఇది మా శాఖకి సంబంధించింది. 1847లో, అప్పుడు ఐర్లాండ్‌ని ఏలుతున్న బ్రిటిష్ పార్లమెంటులో ఒక సవరణ పెట్టారు. పావు ఎకరం, మా లెక్కలో పాతిక సెంట్లు, అంతకుమించి భూమి చేతిలో ఉంటే కరువు సాయం దక్కదు. గంజి కావాలంటే ముందు కౌలు భూమి వదులుకోవాలి. రికార్డు గదిలో దుర్మార్గమైన జీవోలు చాలానే చూశాను కానీ, ఇంత పొదుపుగా రాసింది చూడలేదు.

నీ స్టాండు తిప్పేవాళ్ళలో ఎక్కువమంది ముత్తాతలు ఇలా వెళ్ళినవాళ్ళే. కోటలున్నవాళ్ళు ఓడ అడుగు అంతస్తులో కుక్కుకుని న్యూయార్క్ ఎందుకు పోతారు? ఇంత చిన్న ప్రశ్న షాపులో ఎవరికీ రాకుండా చూసుకోవడమే నీ తెలివంతా.

నీ అదృష్టం కొద్దీ నీ అబద్ధాన్ని పట్టించే కాయితాలు కూడా పోయాయి. 1922 జూన్ 30న ఐర్లాండ్ అంతర్యుద్ధంలో డబ్లిన్‌లో ఫోర్ కోర్ట్స్ అనే కోర్టుల భవనం పక్కనున్న పబ్లిక్ రికార్డ్ ఆఫీసు పేలి తగలబడింది. వందల ఏళ్ళ వీలునామాలు, చర్చి రిజిస్టర్లు, 1821 నుంచి 1851 దాకా తీసిన జనాభా లెక్కలు దాదాపు మొత్తం బూడిదయ్యాయి. కాలిన కాయితం ముక్కలు ఊరంతా ఎగిరి పడ్డాయట. 1861, 1871 లెక్కల్ని అంతకుముందే ప్రభుత్వమే నాశనం చేసింది. 1881వీ, 1891వీ మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో కాయితం కరువని గుజ్జు చేశారు. ఒక రికార్డు గుమాస్తాగా ఈ వాక్యాలు రాయడమే నాకు కష్టంగా ఉంది. పూర్తిగా మిగిలినవి 1901, 1911 లెక్కలు. ఇంత పెద్ద ఖాళీ దొరికితే ఎవడో ఒకడు దూరతాడు. నువ్వు దూరావు, సింహాలతో సహా.

ఆ ఖాళీలో దూరింది నువ్వొక్కడివే కాదులే. ప్రభుత్వం కూడా 2011లో ఐరిష్ వారసత్వ ధ్రువపత్రం అని మొదలుపెట్టింది. 40 యూరోలు కడితే మీ పూర్వీకులు ఇక్కడివాళ్ళేనని సర్టిఫికెట్ ఇచ్చేది. కోట్లమంది వరసలో నిలబడతారనుకున్నారు. అమ్ముడైనవి 3 వేల లోపే. 2015లో మూసేశారు. ఎందుకు కొంటారు, నీ దగ్గర సింహాలు అంత చవగ్గా దొరుకుతుంటే! ఇంకా ముందు, 1992లో బెల్‌ఫాస్ట్‌వాడు ఒకాయన్ని మెకార్తీ వంశాధిపతిగా హెరాల్డ్ ఆఫీసే గుర్తించింది. ఆయన బిరుదులు అమ్ముకున్నాడు. వంశవృక్షం కట్టుకథ అని తేలాక 1999లో గుర్తింపు రద్దు చేసి, 2003లో వంశాధిపతుల్ని గుర్తించే ఆ పద్ధతికే స్వస్తి చెప్పారు. అంత పెద్ద ఆఫీసే బోల్తా పడింది. షాపులో నిలబడ్డ ఒహాయో టీచరమ్మ ఏం చేస్తుంది?

అమెరికా అధ్యక్షుల సంగతి ఇంకా సరదాగా ఉంటుంది. 1963లో కెనెడీ వచ్చి వెక్స్‌ఫర్డ్ కౌంటీలోని డంగన్స్‌టౌన్‌లో చుట్టాలింట టీ తాగి వెళ్ళాడు. ఆయన ముత్తాత 1848లో ఆ ప్రాంతం వదిలి వెళ్ళినవాడు. 1984లో రేగన్ తన ముత్తాత ఊరు బ్యాలీపొరీన్ వచ్చాడు. అక్కడ ఆయన పేరు పెట్టుకున్న పబ్బు తర్వాత మూతపడితే, లోపలి బల్లా, అలమరలతో సహా ఊడదీసి కాలిఫోర్నియాలోని రేగన్ లైబ్రరీకి తరలించారు. ముత్తాత వెళ్ళాడు, నూటయాభై ఏళ్ళ తర్వాత పబ్బు కూడా వెనకాలే వెళ్ళిందన్నమాట. ఇక 2011లో ఒబామా వచ్చిన మనీగాల్. తల్లి వైపు పూర్వీకుడు, బూట్లు కుట్టేవాళ్ళింటి కుర్రాడు, 1850లో ఆ ఊరు విడిచాడు. ఇప్పుడు ఆ ఊరి పక్కన హైవే మీద బరాక్ ఒబామా ప్లాజా ఉంది. పెట్రోలు బంకు, తిండి హాలు, బాత్రూములు. మా బస్సు అక్కడే ఆగింది. నిజం చెప్పాలంటే నీకన్నా అదే నయం. అవసరానికి పనికొచ్చింది, ఎవరినీ రాజుని చేయలేదు.

ఇప్పుడు నువ్వు ఎప్పుడూ వెళ్ళని రెండు చోట్ల గురించి చెప్తాను. ఆకిల్ ద్వీపంలో స్లీవ్‌మోర్ కొండ కింద ఖాళీ ఊరొకటి ఉంది. ఎనభై, వంద దాకా రాతి ఇళ్ళు, ఒక్కదానికీ కప్పు లేదు. గొర్రెలు గుమ్మంలోంచి వచ్చి కిటికీ సందులోంచి చూస్తుంటాయి. ఒక ఇంట్లోకి వెళ్ళాను. మా వంటింటికన్నా కాస్త పెద్దది, ఒకటే గది. కొన్ని ఇళ్ళ గోడల్లో పశువుల్ని కట్టేసే రాతి కొక్కేలు ఉన్నాయి. మనుషులు ఒక కొసన, ఆవు ఇంకో కొసన. బయట వాలంతా దుంపలు వేసిన బోదెల చాళ్ళు, పచ్చిక కింద పక్కటెముకల్లా ఇప్పటికీ తేలి కనబడతాయి. మాతో వచ్చిన పెద్దాయన ఒకరు, బోస్టన్‌వాడు, ఆ చాళ్ళ మీద బూటు పెట్టడానికి సంకోచించి పక్కనుంచి నడిచాడు. ఆయన జేబులో నువ్వున్నావని నాకు తెలుసు. తాళంచెవితో కలిసి గలగలమంటూనే ఉన్నావు.

రెండోది డూలాక్ లోయ. 1849 మార్చిలో, కరువు సాయం జాబితాలో పేరు నిలవాలంటే పొద్దున్నే డెల్ఫీ లాడ్జి దగ్గర హాజరు కావాలని అధికారులు చెబితే, లూయిస్‌బర్గ్ నుంచి ఆకలితో ఉన్న జనం చలిలో ఆ కొండదారిన నడిచారు. వట్టి చేతులతో తిరిగి వస్తూ దారిలోనే చాలామంది రాలిపోయారు. ఇప్పుడక్కడ రోడ్డు పక్కన ఒక రాతి శిలువ. దాని మీద ఎవరి మాట చెక్కారో తెలుసా? మన గాంధీగారిది. తోటిమనిషిని అవమానించి మనుషులు అదే తమకి గౌరవమని ఎలా అనుకోగలరు అని. మా ఆవిడ రెండుసార్లు చదివి, "ధాత కరువులో మనవాళ్ళదీ ఇదే కథ కదా" అంది. 1876-78 నాటి ఆ కరువు మాట మా సీమ ఇళ్ళల్లో ముసలివాళ్ళ నోట ఉండేది. అప్పుడూ పైన ఉన్నది ఆ బ్రిటిష్ ప్రభుత్వమే. అక్కడ షాపు లేదు, నీ స్టాండూ లేదు. బస్సు ఎక్కువసేపు ఆగలేదు కూడా.

మావాళ్ళు నీకు తక్కువ తిన్నారనుకోకు. శ్రీకృష్ణదేవరాయలు మావాడంటే మావాడని మా దగ్గర ఎన్ని కులసంఘాలు కొట్టుకుంటాయో నీకు తెలియదు. కార్ల వెనక అద్దాల మీద ఉండే స్టిక్కర్లు చూస్తే, నీకు అన్నదమ్ములు దొరికారని ఏడుస్తావు. మా దగ్గరా అందరూ రాజులే, సామంతులే. పాలేరుగా పనిచేసిన పూర్వీకుడు ఎవరికీ లేడు. అటు మారిషస్ నుంచి ఓడ కాయితంలో తప్పులతో రాసిన ఊరిపేరు పట్టుకుని గోదావరి, విశాఖ జిల్లాల్లో వెతుక్కుంటూ వచ్చే తెలుగువాళ్ళున్నారు. పాపం వాళ్ళకి మేమింకా కీచైన్ తయారు చేయలేదు. ఈ ఐడియా మాత్రం మావాళ్ళ చెవిన వేయకు, నీకు దణ్ణం పెడతా.

ఇంతకీ నా మనవి ఒక్కటే. నిన్ను మానేయమనను. నువ్వు లేకపోతే ఆ షాపులవాళ్ళకి అద్దె గడవదు. కానీ గ్రిఫిత్ వాల్యుయేషన్ అని 1847 నుంచి 1864 దాకా పన్ను కోసం దేశమంతా తిరిగి రాసిన రిజిస్టరు ఒకటుంది. తగలబడకుండా మిగిలింది, ఆన్‌లైన్‌లో ఉచితం. మా అమ్మాయి ల్యాప్‌టాప్‌లో తెరిచి చూపిస్తే సొంతూరికి వచ్చినట్టయింది. అచ్చం మా అడంగల్. ఊరు, సాగులో ఉన్నవాడి పేరు, భూమి ఎవరి దగ్గర తీసుకున్నాడో ఆయన పేరు, ఇల్లుందా, విస్తీర్ణం ఎంత, వెల ఎంత. ఒక్క వరసలో ఒక సంసారం. ఆ కాలమ్‌లు నీ వెనక వైపు ఖాళీగా ఉన్న లోహం మీద అచ్చు వేయించుకో. కొన్నవాడు ఇంటికెళ్ళి తన ముత్తాత వరస వెతికి అందులో నింపుకుంటాడు. చోటు చాలదంటావా? ముందు వైపు ఒక సింహాన్ని తీసెయ్. మూడున్నా డాలు డాలే.

ఇట్లు,
ఇంటిపేరు ఉండి కూడా డాలు లేని ఒక రిటైర్డ్ రికార్డు గుమాస్తా,
ప్రస్తుత మకాం డబ్లిన్