సవరణ: నరం జారదు, ఎముకే కరుగుతుంది

పళ్లన్నీ ఊడినవాళ్లకు కింది దవడ మత్తు ఇంజెక్షన్ మామూలుకన్నా కిందికి ఇవ్వాలని మొన్నటి పోస్టులో రాశాను. తప్పు. నరం దవడలోకి దూరే రంధ్రం దాదాపు ఉన్నచోటే ఉంటుంది. కరిగేది పళ్లను పట్టుకున్న ఎముక. పళ్లుంటే సూదిని కింది పళ్ల నమిలే అంచుకు 6 నుంచి 10 మి.మీ. పైన గుచ్చుతారు. అరిగిన చిగురుగట్టు నుంచి అంతే కొలిస్తే సూది రంధ్రానికి కిందే ఆగుతుంది, మత్తు ఎక్కదు. అందుకే డాక్టర్లు దవడ వెనక కొమ్మ ముందంచులోని పల్లాన్ని బొటనవేలితో తడిమి ఎత్తు చూసుకుంటారు.

కింది పెదవికి వెళ్లే నరం బయటికొచ్చే గడ్డం పక్క రంధ్రం గురించి ఆ పోస్టులో రాసింది మాత్రం సరైనదే. ఎముక బాగా కరిగితే అది గట్టు మీదికే వచ్చేస్తుంది. కట్టుడు పళ్లు పెట్టినప్పుడల్లా పెదవి జివ్వుమంటోందని మా నాయనమ్మ అనేది. అలవాటు లేక అనుకున్నాం. సెట్టు ఆ నరాన్నే నొక్కుతోందట.