నష్టాల లెక్క ఎందుకు దాచారు?

అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో గృహ బీమా కంపెనీలు ఏళ్ల తరబడి ఒకే పాట పాడాయి: నష్టాల్లో మునిగిపోతున్నాం. ప్రభుత్వం ఆ మాటనే నమ్మి చట్టాలు మార్చింది. అదే ప్రభుత్వ బీమా నియంత్రణ కార్యాలయం చేయించిన 2022 నాటి అధ్యయనంలో మరో లెక్క ఉంది. 2017-19 మధ్య నష్టాలు చూపిన కంపెనీలే వాటాదారులకు 68 కోట్ల డాలర్ల డివిడెండ్లు పంచాయి. రుసుముల పేరిట అంతకు ఎన్నో రెట్లు సొంత అనుబంధ సంస్థలకు మళ్లించాయి. ప్రీమియం జమయ్యే పెట్టె ఖాళీ, పక్క పెట్టె నిండుకుండ. రెండింటి తాళాలూ ఒకరి దగ్గరే. 2025 ఫిబ్రవరిలో టాంపా బే టైమ్స్ పత్రిక బయటపెట్టేదాకా ఈ సంగతి జనానికి తెలియదు.

ఆ అధ్యయనం ముసాయిదా మాత్రమేనని అధికారుల వాదన. నష్టాలకు కంపెనీలు చూపే కారణం, అంటే లాయర్ల ఫీజుల కోసమే నడిచిన వ్యాజ్యాల బెడద నిజమే, కాదనం. అంతమాత్రాన లెక్కలు దాచిపెట్టే హక్కు వస్తుందా?

2022 డిసెంబరులో, ఇయన్ తుపాను దెబ్బకు జనం ఇంకా తేరుకోకముందే, చట్టసభ ప్రత్యేకంగా సమావేశమైంది. కేసు గెలిచిన ఇంటి యజమానికి కంపెనీయే లాయరు ఫీజు కట్టాలన్న నిబంధనను ఎత్తేసింది. కంపెనీలు తమ కోసం కొనుక్కునే బీమాకు, అంటే రీఇన్సూరెన్సుకు, 100 కోట్ల డాలర్ల దాకా ప్రజాధనం ఇస్తామంది. ఓటేసిన సభ్యుల చేతికి మాత్రం ఆ నివేదిక అందలేదు. లెక్క దాచి చట్టం చేయించుకోవడమంటే ఇదే.

ఇంటివారి లెక్కలు మాత్రం అణాపైసలతో చూస్తారు. 4 లక్షల డాలర్ల ఇంటికి తుపాను డిడక్టిబుల్ 2 శాతమైతే, తొలి 8 వేల డాలర్ల నష్టం యజమానే భరించాలి. గాలికి పైకప్పు ఎగిరితే బీమా వర్తిస్తుంది. ఉప్పెన నీరు ఇంట్లోకి వస్తే వర్తించదు, వరద బీమా విడిగా కొనుక్కోవాలి. 2024లో హెలీన్ తుపాను టాంపా బే తీరాన్ని ముంచింది ఆ ఉప్పెన నీటితోనే. ప్రైవేటు కంపెనీలు వదిలేసినవారికి దిక్కు ప్రభుత్వ సంస్థ సిటిజెన్స్. 2023లో దాని పాలసీలు 14 లక్షలు దాటాయి. దాని నిధులు చాలకపోతే కారు బీమా కట్టేవారి మీద కూడా అదనపు వడ్డన పడుతుంది. టాంపా, జాక్సన్‌విల్‌లలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకూ ఈ భారం తప్పదు.

అనుబంధ సంస్థలకు ఏ పనికి ఎంత ముట్టిందో ప్రతి ప్రీమియం పెంపు దరఖాస్తుకూ జతచేసి బహిరంగపరచాలి. నివేదికను చట్టసభకు చేరకుండా ఎవరు ఆపారో నియంత్రణ కార్యాలయం చెప్పాలి. అది చెప్పనంతవరకు, నష్టాల పేరిట ఒక్క డాలరు పెంపునకు అనుమతించినా ఆ కార్యాలయం కంపెనీల కొలువులో ఉన్నట్టే.