గౌరవనీయులైన ‘మీరేమిట్లు?’ గారికి

నమస్కారాలండీ. తమరి క్షేమం వేరే అడగక్కర్లేదు, మొన్న ఆదివారం కడప ఎర్రముక్కపల్లిలో కళ్లారా చూశాను, భేషుగ్గా ఉన్నారు. మేడ మీద డబుల్ బెడ్‌రూమ్ పోర్షన్. బోరు నీళ్లు ఉప్పగా ఉన్నా, రాత్రి పదింటికి గేటు వేస్తామన్నా, మేకు కొట్టాలంటే కూడా అడగాలన్నా అన్నిటికీ సరేనన్నాను. ఇక తాళం చేతికొస్తుందనగా ఓనరు సార్ నోట్లోంచి తమరు దిగారు: “ఇంతకీ మీరేమిట్లప్పా?” అంటే, మీ కులమేదని.

నేను నోరు తెరిచేలోపే ఆయన ఫోను మోగింది. రింగ్‌టోన్ ఏమిటంటే, 1977 నాటి ‘దానవీరశూరకర్ణ’ సినిమాలో సూతపుత్రుడు కర్ణుణ్ణి పక్కన నిలబెట్టుకుని, కులం ఎత్తినవాళ్లను సుయోధనుడు కడిగిపారేసే డైలాగు. ఆయన వెంటనే ఫోనెత్తలేదు. కళ్లు సగం మూసి, పెదాలు కదుపుతూ, కాల్ కట్టయ్యేదాకా విన్నాడు. తర్వాత ఫోను జేబులో వేసుకుని “ఊ, చెప్పలేదే” అన్నాడు.

తమరి పూర్వీకులు నాకు బాగా తెలుసు లెండి. కురుకుమారుల విద్యాప్రదర్శనలో అర్జునుడితో తలపడతానని కర్ణుడు ముందుకొస్తే, కృపాచార్యులవారు ఎంతో మర్యాదగా అడిగారు: నీ తల్లెవరు, తండ్రెవరు, ఏ వంశం? అప్పటిదాకా వాడి విలువిద్యకు నోరెళ్లబెట్టిన జనం గప్‌చుప్. కర్ణుడు తల దించుకున్నాడు. అడిగిన కృపుడు మాత్రం ఎక్కడివాడు? రెల్లుగడ్డిలో దొరికితే శంతనుడు దయతలచి పెంచిన బిడ్డ. సుయోధనుడు అంగరాజ్యం ఇచ్చాడు కదా అంటారేమో, ఇచ్చాడు, అర్జునుడికి ఎదురు నిలిచేవాడు కావాల్సొచ్చి ఇచ్చాడు. రాజ్యం వచ్చాకైనా తమరు వదిలారా? ముసలి అధిరథుడు చెమటలు కక్కుతూ వస్తే కర్ణుడు అభిషేకం నీళ్లు ఇంకా ఆరని తల వంచి ఆయన కాళ్లకు మొక్కాడు, అంతే, నీకు విల్లెందుకు, కొరడా పట్టుకోమన్నాడు భీముడు.

ఏదో ఒకటి చెప్పి తాళం తీసుకోవాల్సింది అన్నాడు మా బామ్మర్ది. పరశురాముడి దగ్గర కర్ణుడు చేసిందీ అదే కదా, బ్రాహ్మణుణ్ణని చెప్పి అస్త్రాలు నేర్చాడు, నిజం తెలిశాక అవసరమైన వేళకు అస్త్రం గుర్తురాకుండా శాపం తిన్నాడు. నాకు అంత పెద్ద శాపం అక్కర్లేదు, సామాన్లు సర్దుకున్న నెలకే ఖాళీ చేయమంటారు. (ఇది చదువుతూ నేనేమిట్లో పోల్చుకునే పనిలో ఉన్నవాళ్లకు: చెప్పను.)

తమరి చుట్టాలూ తక్కువవాళ్లేం కాదు. “ఇంటిపేరు?”, “నీసు తింటారా?”, “మీ ఊర్లో ఇల్లు ఏ వీధప్పా?” ఈ మూడోది మహా కిలాడి. ఛాందోగ్యోపనిషత్తులో గౌతముడు కూడా నీ గోత్రమేమిటని అడిగాడు నిజమే, కానీ సత్యకాముడు మా అమ్మకే తెలీదట అన్నాక, పోయి సమిధలు పట్టుకురా అని శిష్యుడిగా చేర్చుకున్నాడు. అన్ని పురాణాల్లో తమరికి ఎదురుదెబ్బ తగిలిన చోట్లు వెతికితే చేతివేళ్లు కూడా నిండవు. వేళ్లంటే గుర్తొచ్చింది, ఏకలవ్యుడి సంగతి ఇప్పుడు ఎత్తను, మీకే ఇబ్బంది.

1941లో జాషువా ‘గబ్బిలం’ రాశాడు. మనిషిని రానివ్వని గుళ్లోకి గబ్బిలం పోగలదు గనుక శివుడికి దాని చేత కబురు పంపాడు. నేను చూసిన పోర్షన్‌లో బాత్రూమ్ వెంటిలేటర్‌లో పావురాలు కాపురముంటున్నాయి, గుడ్లు కూడా పెట్టాయి. వాటినెవరూ ఏమిట్లని అడిగినట్టు లేదు. అడ్వాన్సు కూడా కట్టినట్టు లేదు.

ఇదే కడపలో ఉగాదినాడు దేవుని కడప వెంకన్న గుడికి ముస్లింలు వస్తారు, బీబీ నాంచారమ్మ మా ఇంటి ఆడబిడ్డ, ఈయన మా అల్లుడని చెప్పి కొబ్బరికాయ కొడతారు. వెంకటేశ్వరస్వామి గేటు దగ్గర నిలబెట్టి ఎవర్నీ ఏమీ అడగడు. ఆయనది సొంతిల్లు కాబట్టి సరిపోయింది, అద్దెకు దిగాలంటే ఆ అల్లుడికీ పోర్షన్ దొరకదు.

ఇక ఈ తమరూ గిమరూ నా వల్ల కాదు. నువ్వు అడిగినందుకు కాదు నా మంట, అడిగే నోరే కర్ణుడి కోసం ఏడుస్తుంది చూడు, అందుకు. ఆయన చచ్చి పుస్తకంలో పడ్డాడు కాబట్టి దానవీరుడు. బతికొచ్చి అదే ఎర్రముక్కపల్లిలో గేటు కొట్టి, నాయన పేరు అధిరథుడు, రథం తోలతాడు అంటే, “అయ్యో, ఇప్పుడే మా చుట్టాలకిచ్చేసినామప్పా” అంటారు. కవచకుండలాలు కూడా అడ్వాన్సు కింద పట్టుకుని అంటారు. నాకూ అదే మాట చెప్పారు, తాళం గుత్తి చేతిలో తిప్పుకుంటూ.

సిగ్గెటూ లేదు, కనీసం బోర్డు మీద ‘టు లెట్’ కింద ఎవరికిస్తారో ఎవరికివ్వరో పెయింటుతో రాయించు. కడప ఎండలో పెట్రోలు కాల్చుకుని మెట్లెక్కే పనైనా తప్పుతుంది.

ఇట్లు,
వచ్చే ఆదివారం నాగరాజుపేట వైపు వెతకబోయేవాడు