వజ్రంలోని దోషం గారికి

మహారాజశ్రీ నైట్రోజన్ వేకెన్సీ సెంటర్ గారికి,

విశాఖపట్నం నుంచి ఒక ఫిజిక్స్ మాస్టారు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. ఉప్పుగాలికి కిటికీ ఊచలు తుప్పు పట్టడం తప్ప ఇక్కడంతా క్షేమం. మీ క్షేమం అడగక్కర్లేదు. వజ్రంలో కాపురం, తుప్పా తడా?

మీ గురించి తెలియనివాళ్ళ కోసం తమరి పుట్టుపూర్వోత్తరాలు రెండు ముక్కల్లో చెప్పేస్తాను. వజ్రంలో కార్బన్ పరమాణువులు బారులు తీరి ఉంటాయి, ఒక్కోటీ చుట్టూ ఉన్న నాలుగింటిని పట్టుకుని. ఆ బారులో ఒక కార్బన్ చోట నైట్రోజన్ వచ్చి కూర్చుంటుంది, దాని పక్క చోటు ఖాళీ. ఆ వచ్చినదీ ఆ ఖాళీ కలిస్తే మీరు. అంటే తమరిలో సగం పరాయివాడు, మిగతా సగం గైర్హాజరు. ఈ అర్హతలతో మా ఊళ్ళో అటెండర్ పోస్టు కూడా రాదు.

మీకు మాత్రం రాజభోగం. పచ్చ లేజర్ వేస్తే ఎర్రగా వెలుగుతారు. 2.87 గిగాహెర్ట్జ్ మైక్రోవేవ్ తగిలితే ఆ ఎరుపు కాస్త మసకబారుతుంది. (మా వంటింటి ఓవెన్ పనిచేసేది 2.45 దగ్గర. మిగిలిన అన్నం వేడి చేయడానికీ తమరిని కదపడానికీ పెద్ద తేడా లేదన్నమాట.) పక్కన అయస్కాంతం పెడితే ఆ మసకబారే ఫ్రీక్వెన్సీ రెండుగా చీలి, గాస్‌కు (అయస్కాంత బలాన్ని కొలిచే కొలమానం) 2.8 మెగాహెర్ట్జ్ చొప్పున ఒకటి అటూ ఒకటి ఇటూ జరుగుతుంది. ఆ ఎడం కొలిస్తే అయస్కాంత క్షేత్రం ఎంతో తెలిసిపోతుంది. మాది నేవీ ఊరు కాబట్టి ఈ ముక్క మాకు చెవిన పడకుండా ఉండదు. నీళ్ళలో మునిగిన సబ్‌మెరైన్‌కి జీపీఎస్ అందదు, భూమి అయస్కాంతాన్ని చదువుకుంటూ దారి వెతుక్కునే పనికి మీలాంటివాళ్ళని వాడి చూస్తున్నారు.

పైగా ఇదంతా మామూలు గది వేడిలోనే. అమరావతికి రప్పిస్తామన్న ఐబీఎం క్వాంటం కంప్యూటర్ సూపర్‌కండక్టర్ల మీద నడిచేది. దాన్ని సున్నా కెల్విన్‌కి, అంటే మైనస్ 273 డిగ్రీలకి, వెంట్రుకవాసి దూరం దాకా చల్లబరచాలి. మీరైతే మే నెల విశాఖలో కూడా చెమట పట్టకుండా పనిచేస్తారు. కాకపోతే 2015లో నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్‌లో, 1.3 కిలోమీటర్ల ఎడంలో ఇద్దరు మీవాళ్ళని ఎంటాంగిల్ చేసి (విడదీయలేని క్వాంటం ముడి వేసి), ఆ ముడి నిజమేనా అని తేల్చే బెల్ పరీక్షను లొసుగులు లేకుండా నెగ్గించినప్పుడు మాత్రం మీరూ 4 కెల్విన్ దాకా చలి కోరారు. పెద్ద పనికి పిలిచేసరికి గొంతెమ్మ కోరికలు!

ఇక అసలు విషయానికి వస్తాను. మా కురుపాం మార్కెట్ నగల కొట్లో షావుకారు పది రెట్లు పెద్దగా చూపించే భూతద్దం కంట్లో ఇరికించుకుని, శ్రావణంతో రాయిని పట్టుకుని, దీపం కింద అటూ ఇటూ తిప్పి, "లోపల ఏటీ లేదు మాస్టారూ, క్లీన్" అంటాడు. ఆ ఏమీ లేనిదానికే డబ్బు తీసుకుంటాడు. మన రత్నశాస్త్రాలు కూడా బిందువు, రేఖ, కాకపదం అంటూ వజ్రదోషాలు లెక్కబెట్టి పెట్టాయి. మా కృష్ణా తీరాన కొల్లూరులో దొరికిన గోల్కొండ వజ్రాలకి అంత పేరు ఎందుకొచ్చిందనుకున్నారు? వాటిలో నైట్రోజన్ దాదాపు లేనందుకే. అంటే తమరు లేకపోవడమే మా ఆంధ్రుల ఘనత.

అక్కడ ల్యాబుల్లోనో? మీథేన్ గ్యాసు నుంచి మచ్చ లేని వజ్రాన్ని పొరలు పొరలుగా పెంచుతారు. అంత కష్టపడి పెంచాక దాని మీద నైట్రోజన్ అయాన్లు కొడతారు, లేదా ఎలక్ట్రాన్లతో తూట్లు పొడుస్తారు. తర్వాత గాలి లేకుండా 800 డిగ్రీల పైన కాలుస్తారు. ఆ వేడికి ఖాళీలు బ్యాచిలర్లు అద్దె ఇల్లు వెతుక్కున్నట్టు తిరిగి తిరిగి, నైట్రోజన్ పక్కన చోటు దొరకగానే సర్దుకుంటాయి. దోషం లేకుండా చేయించడానికి ఒక ఖర్చు, దోషం పెట్టించుకోవడానికి ఇంకో ఖర్చు.

పెట్టి పుట్టారు. ఆ మాట అన్నాక కడుపులోది కూడా కక్కేస్తాను. మీ పక్కన ఖాళీ దొరకని నైట్రోజన్లు ఆ వజ్రంలోనే బోలెడు. వంశం అదే, రక్తం అదే. వాటికి పెట్టిన పేరు నాయిస్, అంటే గోల. మీ ఏకాంతానికి అడ్డమని వాటిని వీలైనంత తగ్గిస్తారు. మామూలు కార్బన్‌లో నూటికి 1.1 పాళ్ళు కార్బన్-13 ఉంటుంది. దాని కేంద్రకానికి చిన్న అయస్కాంత గుణం ఉంటుంది, మీకది పడదు. అందుకని ఏరి పారేసి, ఇంచుమించు అంతా కార్బన్-12తో నింపితే, మిల్లీసెకన్ల పాటు ధ్యానం, అదే మీ క్వాంటం స్థితి, చెదరకుండా ఉంటారు. ఒక్కరి దోషం గొప్పదని చాటడానికి ఇరుగుపొరుగంతా నిర్దోషులై ఉండాలి!

అదీగాక, మీరు పనికొచ్చేది ఒక ఎలక్ట్రాన్ అదనంగా ఉన్నప్పుడే. అది కూడా చాలాసార్లు ఆ నాయిస్ నైట్రోజన్ల దగ్గర్నుంచి తెచ్చుకున్నదే. తిరిగి ఇచ్చిన దాఖలా లేదు. మీరిచ్చే వెలుగులో ఒక్క రంగుగా, 637 నానోమీటర్ల దగ్గర స్వచ్ఛంగా వచ్చేది నూటికి మూడు నాలుగు పాళ్ళు. మిగతాదంతా స్ఫటికం వణుకుల్లో కలిసి చెదిరిపోతుంది. ఉద్యోగం పర్మినెంట్ అనుకోకండి. సిలికాన్ కార్బైడ్‌లో జంట ఖాళీలు మీ కుర్చీకి గురి పెట్టాయి. సిలికాన్‌లో టీ సెంటర్ అని ఒకటుంది, రెండు కార్బన్లూ ఒక హైడ్రోజన్‌తో. అది 1326 నానోమీటర్ల దగ్గర వెలుగుతుంది, మన టెలికాం ఫైబర్‌లో నేరుగా పోయే వెలుగు. చిప్పులు చేసేవాళ్ళ చేతికి అలవాటైనది సిలికాన్, వజ్రం కాదు.

ఇంతకీ ఈ ఉత్తరం ఎందుకంటే, మా మేనకోడలికి కుజదోషం ఉందట. మొన్న ఒక సంబంధం వచ్చింది. అబ్బాయి తైవాన్‌లో చిప్పుల ఫ్యాక్టరీలో ప్రాసెస్ ఇంజనీరు. ఏం చేస్తావు బాబూ అని వీడియో కాల్‌లో అడిగితే, తొమ్మిది తొమ్మిదుల స్వచ్ఛత (99.9999999 శాతం) ఉన్న సిలికాన్‌లోకి బోరాన్, ఫాస్ఫరస్ కొట్టించడమే తన పని అన్నాడు. మలినం ఎంత సరిగ్గా పడితే ఇంక్రిమెంట్ అంత బాగుంటుందట. మాకు ముచ్చటేసింది. నాలుగు రోజులు పోయాక వాళ్ళమ్మగారు మా అక్కకి ఫోన్ చేసి, "మాకేటీ పట్టింపుల్లేవండీ, పిల్ల బంగారం. కాపోతే జాతకంలో ఆ ఒక్కటీ..." అన్నారు. కుజుడూ ఎర్రన, మీరూ ఎర్రన. మీకు లేజర్ల హారతి, మా పిల్లకి తలుపు వేయడం.

కాబట్టి తమరు పెద్ద మనసు చేసుకుని ఆ అమ్మగారితో ఒక్కమాట చెప్పాలి. కొడుకు జీతం దేని మీద నడుస్తోందో మీరు చెబితే వింటారు, మా మాట వినరు. నంబరు మా అక్క దగ్గరుంది. మంగళవారం మధ్యాహ్నం మూడు నుంచి నాలుగున్నర దాకా మాత్రం చేయకండి. రాహుకాలంలో ఆవిడ ఫోన్ ఎత్తరు.

ఇట్లు,
తమ విధేయుడు,
ఒక మేనమామ