‘ఇన్’ అంటే ప్రతిసారీ ‘కాదు’ అని కాదు
ఇంగ్లీషు మాట ముందు ‘ఇన్’ చేరితే అర్థం తలకిందులవుతుందని ఒక వ్యాసంలో రాశారు. సగమే నిజం. ఇన్‌కరెక్ట్, ఇన్‌విజిబుల్ వరకు సరే, మరి పెట్రోలు ట్యాంకరు వెనక పెద్ద అక్షరాలతో కనిపించే ‘హైలీ ఇన్‌ఫ్లేమబుల్’ సంగతేమిటి? ఎనిమిదో తరగతిలో ఈ సూత్రాన్నే నమ్మి, దానికి ‘మంట అంటుకోనిది’ అని అర్థం రాసి వచ్చాను. దాని అసలు అర్థం ‘ఇట్టే మంట అంటుకునేది’. మాస్టారు సున్నా చుట్టారు గానీ కారణం చెప్పలేదు. లాటిన్‌లో ‘ఇన్’లు రెండున్నాయని చాలా ఏళ్లకు గాని తెలియలేదు. ఒకటి ‘కాదు’ అనేది, రెండోది ‘లోపలికి’ అనేది. నిప్పంటించడం అనే అర్థమున్న ‘ఇన్‌ఫ్లమారే’లో ఉన్నది ఈ రెండోదే. ఈ తికమక ప్రాణాల మీదికి తెస్తుందనే అమెరికాలో అగ్నిప్రమాదాల నివారణ నిపుణులు 1920ల నుంచి ‘ఇన్’ తీసేసి ‘ఫ్లేమబుల్’ అని రాయమని పట్టుబట్టారు. మన ట్యాంకర్ల మీద మాత్రం పాత మాటే తిరుగుతోంది. ఇక మొదటి ‘ఇన్’ మనకు పరాయిదేమీ కాదు. సంస్కృతం నుంచి తెచ్చుకున్న ‘అన్యాయం’లోని ‘అ’కూ, ‘అనవసరం’లోని ‘అన్’కూ రక్తసంబంధి. ‘ఇన్‌వాల్యుబుల్’ను (‘ఎంతో విలువైనది’ అని అర్థం) ఆ వ్యాసంలో మినహాయింపు అని పక్కన పెట్టేశారు, అది కూడా ఒప్పుకోలేను. మన ‘అమూల్యం’ చూడండి. మూల్యం లేదన్నారని దాన్ని చెత్తబుట్టలో వేస్తామా? వెల కట్టడానికి వీలు కానిదనే కదా రెండింటికీ అర్థం.