తిక్క డాక్టరు, రచ్చకట్ట, మా మామ

మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం, ప్రజలు చేతులు కలపాలని ఈ మధ్య పెద్దలందరూ అంటున్నారు. మా అనంతపురం జిల్లాలో ఆ పొత్తు ఏనాడో కుదిరింది. వాటాలూ తేలిపోయాయి. బ్యానర్ ప్రభుత్వానిది, సలహా ఊరిది, బస్సు చార్జీ రోగిది.

ప్రభుత్వం తన వాటా ఏటా అక్టోబర్ 10న, ప్రపంచ మానసిక ఆరోగ్య దినం నాడు చెల్లిస్తుంది. ర్యాలీ, ప్రతిజ్ఞ, ఫోటో. మిగతా 364 రోజులు మనసు తన తిప్పలు తాను పడాలి. జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం 1982లోనే మొదలైంది. ఊళ్లలోని ఆరోగ్య కేంద్రాల్లోనే ఈ జబ్బులకు వైద్యం చేయొచ్చని బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ వాళ్లు చేసి చూపించింది కూడా ఎక్కడో కాదు, పక్కనున్న బళ్లారి జిల్లాలో. ఆ నమూనాతోనే 1996లో జిల్లా కార్యక్రమం వచ్చింది. 1882 దాకా మనమూ బళ్లారి జిల్లాలోనే ఉండేవాళ్లం. అనవసరంగా విడిపోయామేమో!

ఇక ఊరి వాటా. వేరుశనగ పోయి, అయిదో బోరూ ఎండాక మా మేనమామకు నిద్ర పట్టడం మానేసింది. రచ్చకట్ట మీద మెడికల్ బోర్డు వెంటనే కూర్చుంది. ఒకరు గాలి సోకిందన్నారు, తాయెత్తు రాశారు. ఇంకొకరు "పెళ్లి చేస్తే అంతా సర్దుకుంటుందప్పా" అన్నారు. రోగికి పెళ్లయి ముప్పై ఏళ్లు కాబట్టి ఆ మందు కూతురికి వేయమన్నారు. అంటే ఇంకో అప్పు.

చివరికి పెద్దాసుపత్రికి తీసుకెళ్లాను. ఓపీ చీటీ రాసే ఆయన అద్దం వెనక నుంచి "ఏందప్పా, తిక్క డాక్టరుకా?" అని గట్టిగా అడిగాడు. లైనంతా వెనక్కి తిరిగి మామను చూసింది. రోగి గుట్టు కాపాడే బాధ్యతను కూడా ప్రజలతో పంచుకుంటున్నారని నాకు అప్పుడే తెలిసింది. డాక్టరమ్మ మాత్రం మంచిది. ఓపిగ్గా విన్నది, బిళ్లలు రాసిచ్చింది, నెల తర్వాత రమ్మంది. ఊళ్లో అడుగుపెట్టగానే "ఆ బిళ్లలు మింగితే అలవాటైపోతాయి మామా, జాగ్రత్త" అని ఒకాయన హెచ్చరించాడు. నోట్లోని బీడీ తీసి మరీ చెప్పాడు.

ఆత్మహత్యకు ప్రయత్నించినవాళ్లు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని, వాళ్లకు ప్రభుత్వమే వైద్యం అందించాలని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. ప్రయత్నించాక చేయాల్సింది స్పష్టంగానే రాశారు. అంతకుముందు సంగతి చూస్తే, మా మండల కేంద్రంలో పురుగుల మందు అంగళ్లు నాలుగున్నాయి, అప్పు కూడా ఇస్తారు. మనసు బిళ్లకు మాత్రం రెండు బస్సులు మారాలి.

2022లో టెలీ మానస్ అని, మనసు బాగోలేనివాళ్లు ఫోన్‌లో మాట్లాడుకునే ప్రభుత్వ సాయం వచ్చింది. 14416కు చేస్తే డబ్బు కట్టక్కర్లేదు, 24 గంటలూ పలుకుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఇంత మంచి పని గురించి ఊళ్లో ఎవరికీ చెప్పకుండా ఎంత గుట్టుగా ఉంచారో! నేనే చీటీ మీద రాసిచ్చాను. ఒక రాత్రి మామ మిద్దెక్కి చాలాసేపు మాట్లాడాడు. కిందికి దిగాక అత్త అడిగింది, ఎవరితో అంతసేపు అని.

"బ్యాంకోళ్లు. అప్పు సంగతి" అన్నాడు మామ, తల ఎత్తుకొని.